కోస్తా తుఫాను, ముత్తక్క చేను

ముత్తక్క సముద్రం మొహం ఎన్నడూ చూడలే. అయినా కోస్తాలో తుఫాను ఎన్నేండ్లకోసారి వస్తదో ఆమెకు తెలిసినంత రేడియో వినేటోళ్లకు కూడా తెల్వదు. అక్కడ గాలి లేచిన ప్రతిసారీ, ఇక్కడ దమ్మపేట అడవి అంచున ఆమె చేను పక్కన ఒక కొత్త గుడిసె లేస్తది.

మొదట వచ్చినోడు కోటిలింగం. పెద్ద ఉప్పెన వచ్చిన ఏడాది, పెళ్లాం పిల్లలతో, కట్టుబట్టలతో వచ్చి నిలబడితే ముత్తక్కే గటక పోసింది. కాస్త నిలదొక్కుకునేదాకా ఉండమని గట్టు పక్కన జాగ చూపింది.

అతను నిలదొక్కుకున్నడు గానీ కదల్లే. ఇంకో తుఫానుకు బావమరిది దిగిండు. ఆ తర్వాతి తుఫానుకు మేనమామ. గుడిసె లేచినప్పుడల్లా గట్టు ముత్తక్క చేనులోకి జరిగింది. వాళ్లేసిన పొగాకు మీద నీడ పడుతోందని, తల్లి కాలం నుంచి ఆమె పూలేరుకునే ఇప్పచెట్టును నరికేసిన్రు. అడగబోతే, "చెట్టే కదమ్మా," అన్నడు కోటిలింగం.

తొంభైలో, ఎండకాలం, కోస్తా మీద మళ్లా తుఫాను పడ్డది. వారం తిరక్కముందే కోటిలింగం వాకిట్లోకి వచ్చి చేతులు కట్టుకున్నడు.

"మా తమ్ముడిల్లు కూడా తుఫానుకి పోయింది ముత్తక్కా. నీ చేలో ఓ మూల కాస్త చోటిస్తే..."

ముత్తక్క చింతపండు గింజ తీస్తూ తల కూడా ఎత్తలే.

"మీ తుఫాను నయం. ఒక్కనాడు కొట్టి పోతది. నా చేను మీదికొచ్చింది ఇన్నేండ్లాయె, ఇంకా పోతలేదు."