పెద్దమ్మ బండిలో బ్లోయర్ ఆగిన రోజు

నా చిన్నప్పుడు, నాలుగో తరగతి సగంలో ఉండగా, మేం అమెరికాలో ఉత్తరాన ఉన్న నేపర్‌విల్ వదిలి, ఎక్కడో దక్షిణాన ఉన్న ఇర్వింగ్‌కు మారాం. నాన్నకు అక్కడ కొత్త ఉద్యోగం వచ్చింది. నా బడి, నా స్నేహితురాళ్లు, కిటికీ పక్కన నా మంచం, అన్నీ వదిలి వెళ్లడం నాకు సుతరామూ ఇష్టం లేదు. అమ్మానాన్నలు చంటి తమ్ముణ్ణి తీసుకుని కారులో రెండు రోజుల ముందే వెళ్లిపోయారు. నేను మా పెద్దమ్మతో ఆవిడ మోటార్‌హోమ్‌లో వెనకాల బయల్దేరాను.

పెద్దమ్మ అంటే మా అమ్మకు సొంత అక్క. పిల్లల్లేరు. ఆ బండిని మా పెదనాన్న సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. కొనేనాటికే అది పాతది. లోపల చిన్న పొయ్యి, మడిచి పెట్టే బల్ల, వెనక మంచం. కిటికీలకు పెద్దమ్మ పాత చీరలు చింపి కుట్టిన తెరలు. ప్రతి వేసవిలోనూ ఇద్దరూ అందులో ఊళ్లు తిరిగేవాళ్లు. మేం ఇల్లు మారడానికి ముందటి శరదృతువులో పెదనాన్న ఉన్నట్టుండి గుండె ఆగి పోయాడు. ఆయన ఉన్నన్నాళ్లూ పెద్దమ్మ ఎప్పుడూ పక్క సీటే. ఆయన పోయాక, ఆ చలికాలంలో ఖాళీ పార్కింగ్ లాట్లలో ఆ బండిని ముందుకీ వెనక్కీ నడుపుతూ ఒక్కతే నేర్చుకుంది.

ఆవిడ కూడా మాతోపాటే ఉండడానికి ఇర్వింగ్ వస్తోంది. బండి మాత్రం అమ్మేయమని నాన్న పోరు పెడుతున్నాడు. తను బయల్దేరే ముందు కూడా అన్నాడు, "దారిలో ఏదైనా ట్రబుల్ ఇస్తే అక్కడే వదిలేసి నాకు కాల్ చేయండి వదినగారూ. నేనొచ్చి మిమ్మల్ని తీసుకెళతాను. దాన్ని అక్కడే ఎవరికో ఒకరికి ఇచ్చేద్దాం." ఆయన మంచికే అన్నాడు. పెద్దమ్మ "చూద్దాం మరిదిగారూ" అని బండి తాళాలు కొంగుకు ముడేసుకుంది.

మిస్సోరీ దాటుతుండగా వాన పట్టుకుంది. బయట చలి. డ్యాష్‌బోర్డు లోపల ఒక ఫ్యాన్ ఉండేది. బ్లోయర్ అంటారు. వేడిగాలిని ముందు అద్దం మీదికి తోసి, ఆవిరి పట్టకుండా చూసేది అదే. అది కాసేపు నసిగి, ఇక ఊపిరి తీయడం మానేసింది. చూస్తుండగానే అద్దం తెల్లబడిపోయింది. నేను ముందుకు వంగి తువ్వాలుతో తుడుస్తున్నాను, తుడిచిన చోటే మళ్లీ మసక కమ్ముతోంది. మా పక్కనుంచి పెద్ద పెద్ద ట్రక్కులు నీళ్లు చిమ్ముకుంటూ పోతున్నాయి. పెద్దమ్మ బండి వేగం తగ్గించింది. స్టీరింగ్ మీద ఆవిడ వేళ్లు పాలిపోయి ఉన్నాయి. రోడ్డు పక్క బళ్లు ఆపుకునే రెస్ట్ ఏరియా బోర్డు కనబడగానే బండిని మెల్లగా అందులోకి తిప్పి ఆపింది.

అక్కడ రేకు కప్పు కింద ఒక పే ఫోన్ ఉంది. నాకు అది తప్ప ఇంకేమీ కనబడలేదు.

"పెద్దమ్మా, జస్ట్ కాల్ డాడీ. ప్లీజ్! ఈ బండి బ్రోకెన్. ఎవ్రీథింగ్ ఈజ్ బ్రోకెన్" అన్నాను. ఆ మాట ఒక్క బండి గురించే కాదని నాకూ తెలుసు, ఆవిడకూ తెలుసు.

పెద్దమ్మ ఫోన్ వైపు చాలాసేపు చూసింది. తర్వాత వెనక్కి వెళ్లి పెదనాన్న సామాన్ల పెట్టె తెచ్చింది. "కాల్ చేద్దాంలే అమ్మలూ. చేస్తే ఏదో ఒకటి చెప్పాలిగా మీ నాన్నకి. ముందు ఏది బాగుందో చూసి చెబుదాం."

ఏది పాడైందో అనలేదు. ఏది బాగుందో అంది. నాకు అది వింతగా అనిపించింది.

పెట్టెలోంచి ఒక చిన్న పరికరం తీసింది. స్క్రూడ్రైవర్ లాంటి పిడి, అందులో బుల్లి బల్బు, కొసన సూదిమొన, వెనక తోకలా పొడవాటి తీగ, తీగ చివర ఒక క్లిప్పు. టెస్ట్ లైట్. క్లిప్పును తలుపు దగ్గర శుభ్రంగా మెరుస్తున్న ఒక బోల్టుకు నాచేత పెట్టించి, మొనతో తను తాకిన చోట కరెంటు ఉంటే బల్బు వెలుగుతుందని చెప్పింది. వెలిగినప్పుడల్లా "ఇది బాగుంది" అని గట్టిగా అనడం నా పని.

ఇదంతా ఆవిడ ఎక్కడా నేర్చుకోలేదు. పెదనాన్న డ్యాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని, తనలో తను గొణుక్కుంటూ రిపేర్లు చేసేవాడట. పక్కన కూర్చుని కూరగాయలు తరుగుతూ ఆ గొణుగుడంతా వినేదట ఈవిడ. "ఏం వినేదాన్నో నాకే తెలీదు. ఎక్కడో ఉండిపోయింది" అంది.

ముందు హెడ్‌లైట్లు వేసింది. వెలిగాయి. బ్యాటరీ బాగుంది. ఫ్యూజు ఒక వైపు తాకింది, రెండో వైపు తాకింది. రెండు చోట్లా బల్బు వెలిగింది. "ఇది బాగుంది!" అన్నాను. ఫ్యాన్ స్విచ్చు ఒక్కో స్పీడులో పెట్టి దాని వెనక తాకింది. అదీ బాగుంది. ఏడుపు ముఖంతో మొదలుపెట్టినదాన్ని, నాకు తెలియకుండానే గొంతు పెంచాను.

ఈలోగా పక్క బండిలోంచి ఒక అమెరికన్ పెద్దాయన గొడుగు వేసుకుని వచ్చాడు. ఆయనదీ ఇలాంటి పాత మోటార్‌హోమే. జరిగింది విని, ఇన్నేళ్ల బండిలో ఇంకేముంటుందమ్మా, ఆ ఫ్యాన్ మోటారు కాలిపోయి ఉంటుంది అన్నాడు. ముందు ఊళ్లో పాత సామాన్ల యార్డు ఉంది, అక్కడ దొరికితే దొరకొచ్చు, లేదంటే వారాలు పడుతుంది అన్నాడు. నిజంగా మా మీద జాలితోనే చెప్పాడు.

పెద్దమ్మ ఆయనకు థాంక్స్ చెప్పి, డ్యాష్‌బోర్డు కిందికి దూరి, మోటారుకు వచ్చే తీగను తాకింది. బల్బు వెలిగింది. నేను అలవాటుగా "ఇది బాగుంది!" అని అరిచాను. కానీ పెద్దమ్మ ముఖం వాడిపోయింది. మోటారు దాకా కరెంటు వస్తోంది, అయినా తిరగడం లేదు. అంటే ఆ పెద్దాయన చెప్పిందే నిజమన్నమాట. మొనను తీగ మీంచి తీయకుండానే ఆవిడ కింద అలాగే పడుకుని ఉండిపోయింది. వాన బండి కప్పు మీద కొడుతోంది. పెదనాన్న పోయిన రోజున కూడా నేను ఆవిడను అలా చూడలేదు.

నాకు భయం వేసింది. ఏదో ఒకటి చేయాలనిపించింది. క్లిప్పు తీగ ఆవిడకు అడ్డంగా ఉందని దాన్ని బోల్టు నుంచి పీకి, మోటారు పక్కన కనబడ్డ నల్ల తీగ కొసకు తగిలించాను. వెంటనే బల్బు ఆరిపోయింది. టెస్ట్ లైట్‌ను కూడా పాడుచేశానని నేను భోరుమన్నాను.

పెద్దమ్మ గబుక్కున లేవబోయేసరికి తల డ్యాష్‌బోర్డుకు తగిలింది. "ఉండు ఉండు, ఏడవకు! ఎక్కడ పెట్టావ్? మళ్లీ పెట్టు!" పెట్టాను. వెలగలేదు. బోల్టుకు మార్చాను. వెలిగింది. ఆవిడ నవ్వింది. పెదనాన్న పోయాక ఆవిడ నవ్వు వినడం అదే మొదటిసారి. "ఎర్తు తల్లీ, ఎర్తు! కరెంటు వస్తోంది కానీ తిరిగి వెళ్లడానికి దారి లేదు. మోటారు బాగుందే పిచ్చిదానా, మోటారు బాగుంది!"

కరెంటు మోటారు నుంచి తిరిగి వెళ్లాల్సిన ఆ నల్ల తీగ ఒక స్క్రూతో బండి ఇనుముకు బిగించి ఉంది. విప్పి చూస్తే దాని కింద పొరలు పొరలుగా తుప్పు. పెద్దాయన పరిగెత్తుకెళ్లి తన బండిలోంచి శాండ్‌పేపర్ ముక్క తెచ్చాడు. అందులో సగం చింపి నాకిచ్చింది పెద్దమ్మ. తీగ కొసను నేను రుద్దాను, ఇనుమును ఆవిడ రుద్దింది. రెండూ మెరిసేదాకా రుద్ది, స్క్రూ బిగించి, స్విచ్ వేశాం.

ఫ్యాన్ ఒక్కసారి దగ్గి, గిర్రున తిరిగింది. దుమ్ము వాసన గుప్పుమంది. ఆ గాలితోపాటు అద్దం కింద సందుల్లోంచి ఎర్రటి పలచని పొట్టు ఎగిరివచ్చి డ్యాష్‌బోర్డు మీదా మా జుట్టులోనూ పడింది. ఏమిటా అని చూస్తే పల్లీల పొట్టు. పెదనాన్నకు డ్రైవ్ చేస్తూ వేయించిన పల్లీలు నలుపుకుని తినే అలవాటు. ఎన్ని వేసవుల పొట్టో ఆ సందుల్లో పడి ఉండిపోయింది. పెద్దమ్మ దాన్ని దులపలేదు. రెండు వేళ్లతో కొంచెం తీసి, చూసి, చీర కొంగుతో కళ్లు ఒత్తుకుంది. పెద్దాయన టోపీ సర్దుకుని తన బండి వైపు నడిచాడు. అద్దం మీద మసక కిందనుంచి పైకి మెల్లగా విడిపోయి, తడిసిన చెట్లూ రోడ్డూ కనబడ్డాయి.

ఇర్వింగ్ చేరాక నాన్న బండి చుట్టూ ఒకసారి తిరిగి, అంతా విని, అమ్మే మాట ఇక ఎత్తలేదు. పెద్దమ్మ ఆ బండిలో ఇంకా చాలా వేసవులు తిరిగింది, ఎక్కువసార్లు ఒంటరిగానే. నాకు ఇర్వింగ్ నచ్చడానికి మాత్రం చాలా కాలం పట్టింది. అది ఒక్క రోజులో బాగయ్యే సంగతి కాదు.

ఇప్పుడు నేను చాండ్లర్ అనే మరో ఊళ్లో ఉంటున్నాను. నాకూ జుట్టు నెరిసింది. పోయిన ఏడాది మా ఆయనకు స్ట్రోక్ వచ్చింది. ఆస్పత్రిలో డాక్టరమ్మ కంప్యూటర్ తెర మీద చూపిస్తూ, ఏమేం పోయాయో ఓపిగ్గా ఒక్కొక్కటే చెప్పింది. కుడి చేయి, కుడి కాలు, మాట. మా అమ్మాయి వింటూ నా భుజం మీద తల పెట్టి ఏడుస్తోంది. ఆవిడ చెప్పడం ముగించాక, ఇక ఏమేం బాగున్నాయో కూడా చెప్పమని అడిగాను. ఆవిడ తెర ముందు నుంచి లేచింది. తర్వాత మంచం దగ్గరికి వచ్చి, నాతో కలిసి ఒక్కొక్కటే చూడడం మొదలుపెట్టింది. చూపు బాగుంది. వినికిడి బాగుంది. పేరు పెట్టి పిలిస్తే తల తిప్పుతున్నారు. నేను ఆయన ఎడమ చేతిలో నా చెయ్యి పెట్టాను. ఆయన నా వేళ్లు గట్టిగా నొక్కారు.

"ఇది బాగుంది" అన్నాను, మా అమ్మాయికి వినబడేలా.