ఓబులమ్మత్త నన్ను మెచ్చుకోలేదు

పొద్దున పక్క చేనులో ట్రాక్టరుతో వేరుశనగ విత్తుతుంటే, మందు పట్టించిన గింజల ఘాటు మా వంటింటిదాకా వచ్చింది. ఓబులమ్మత్త గుర్తొచ్చింది. ఆమె మాకు చుట్టం కాదు, పక్కింటావిడ. నేను ఈ కళ్యాణదుర్గం వైపు కోడలిగా వచ్చిన కొత్తలో, ఎద్దులు లాగే విత్తనాల గొర్రు వెనక నడుస్తూ పిడికిట్లోంచి విత్తనం సమంగా జారవిడవడంలో ఆమెను మించినవాళ్లు లేరు.

మా ఇంట్లో అందరూ మంచివాళ్లే. "టౌను పిల్ల, దానికేం వస్తాదిలే, నీడన కూర్చోనీ" అనేవాళ్లు. ఆ మంచితనంతోనే నన్ను మూలన కూర్చోబెట్టారు. ఓబులమ్మత్త ఒక్కతే ఊరుకోలేదు. నా గుప్పిట్లో చింతగింజలు పోసి, వాళ్ల వాకిట్లో విడుస్తూ నడవమంది. వెనక్కి తిరిగి చూస్తే ఒకచోట కుప్ప, ఒకచోట బోడి. "ఏమ్మే, కోళ్లకు మేతేస్తాండావా? ఏరుకోని మళ్లా నడువు" అంది. ఏడుపొచ్చేది. అయినా మర్నాడు నా అంతట నేనే వెళ్లేదాన్ని.

ఆ ఏడు వాన ఆలస్యంగా పడింది. నేలలో పదును ఆరేలోపు విత్తాలి, ఉన్నది దాచుకున్న విత్తనమే. ఓబులమ్మత్త తన చేను నా చేతికిచ్చింది. వాళ్ల కొడుకు అడ్డం పడ్డాడు. "అమ్మా, గింజ చెడిపోతే మళ్లా యాడ తెస్తాం? నువ్వే వెయ్యి."

"చెడిపోదు. ఆ పిల్ల వేస్తాది" అని, గట్టు మీద మాకు వీపు పెట్టి కూర్చుంది. పని ముగిసేదాకా తిరిగి చూడలేదు. అంత భయం నా జన్మలో ఎరగను.

మొలకలొచ్చాక నన్ను వెంటబెట్టుకుని సాలుసాలూ తిరిగింది. చేను నిండుగా ఉంది. ఒక్కచోట మాత్రం జానెడు ఖాళీ. అక్కడ ఆగి, "ఈడ ఎవుర్ని తలుచుకున్యావే?" అంది. అంతే. బాగా వేశావని ఒక్క ముక్క అనలేదు. ఇంటికొచ్చి కుళ్లి కుళ్లి ఏడ్చాను. మరుసటేడు మా చేనుకు ఎవరూ పిలవకుండానే గొర్రు వెనక నిలబడ్డాను.

ఆమె పోయి చాలా కాలమైంది. ఇప్పుడు నేనేం చేసినా అందరూ బాగుందంటారు. ప్రేమ లేక కాదు, నేను ఇంకా బాగా చేయగలనని వాళ్లకు తోచదు. ఇంటినిండా మనుషులున్నా కొన్ని పూటలు దిక్కులేనట్టుంటుంది.

నిన్న మా కొత్త కోడలు మొదటిసారి జొన్నరొట్టె చేసి, "ఎట్లుండాదత్తా?" అనడిగింది. బాగుందనబోయి ఆగాను. "అంచులు పచ్చిగా ఉండాయి. ఇంకోటి చెయ్యి" అన్నాను. ముఖం మాడ్చుకుని పొయ్యి వైపు తిరిగింది. నా ప్రాణం ఉసూరుమంది. నీకు వస్తాదే తల్లీ, తప్పకుండా వస్తాదే అని మనసులోనే అనుకుంటూ కంచం ముందు కూర్చున్నాను.