ఎవరినీ తిప్పలు పెట్టలేదట

మా పెద్దమ్మ పోయింది. పొద్దున డ్యూటీ మారే వేళ, నైట్ సిస్టర్ దగ్గర వార్డు అప్పజెప్పించుకుంటుంటే అన్న ఫోన్ చేశాడు. అన్న అంటే పెద్దమ్మ కొడుకు, సారపాకలో మిల్లు పనికి పోతాడు. ఏడుస్తూనే చెప్పాడు. "అమ్మ పోయింది చెల్లే. మంచిగ పోయింది. ఎవల్ని తిప్పలు పెట్టలే."

ఆ చివరి మాటకు నాకు ఒళ్లు మండిపోయింది. చావు కబురు వింటే ముందు ఏడుపు రావాలి, నాకు కోపం వచ్చింది. పెద్దకర్మ కూడా అయిపోయింది, అది ఇంకా దిగలేదు. ఎలా దిగుతుంది? ఇంటికి వచ్చిన ప్రతి మనిషీ అదే పాట. దినం భోజనాల్లో విస్తరి ముందు కూర్చుని కూడా అదే. మహాతల్లి, ఎవరినీ తిప్పలు పెట్టకుండా పోయింది! అలా పోవడానికి ఆమె ఏం చేసిందో, మనం ఆమెను ఏం చేశామో ఒక్కరూ అనరు. అందుకే ఇది రాస్తున్నాను.

దుమ్ముగూడెం దాటాక అడవి అంచున ఉంటుంది పెద్దమ్మ వాళ్ల ఊరు. పెద్దమ్మ మొహమాటం ఎరగని మనిషి. మిర్చి చేలో ఈ గట్టు మీద గొంతు లేస్తే ఆ గట్టు దాకా వినపడేది. ఎంత గట్టిగా తిట్టేదో అంత గట్టిగా నవ్వేది. చేను నుంచి వస్తూనే గడపలో నిలబడి, రాగి చెంబు ఎత్తి పట్టుకుని, పెదవికి తగలనివ్వకుండా గటగటా తాగేసేది. కొంగుతో మూతి తుడుచుకున్నాకే ఎవరికైనా జవాబు. నీళ్లను అంత ఇష్టంగా తాగే మనిషిని నేను మళ్లీ చూడలేదు.

నేను స్కూల్లో ఉండగా ఆమె అత్తకు పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది. సెలవులకు నేను వాళ్లింట్లోనే ఉండేదాన్ని కాబట్టి అన్నీ చూశాను. అత్తాకోడళ్లకు అంతకు ముందు పొసిగింది లేదు, మంచం పట్టాక కూడా పోట్లాట మానలేదు. ముసలామె కూరలో ఉప్పు లేదని సణిగేది. కాలు చెయ్యి పడిపోయినయ్ గని నీ నాలుక పడిపోలే అని పెద్దమ్మ అంటే, ముసలామె సగం మూతితోనే పడీ పడీ నవ్వేది. కానీ ఆమె ఒంటి మీద చెయ్యి వేయాలంటే ముందు చెప్పేది. "అత్తా, ఇటు తిప్పుతున్న. నా భుజం పట్టుకో." గుడ్డ మార్చాలంటే మగవాళ్లను బయటికి తోలి తలుపు మూసేది. బాగున్న చేతి దగ్గర మిరపకాయల చాట పెట్టి తొడిమలు తీయించేది. ముసలామెతో పనేంటని ఎవరో అంటే, చేతిలో పని లేకపోతే మనిషి మంచంలో కలిసిపోతుందని కసిరింది. ఆ తొడిమలు సగం సరిగ్గా వచ్చేవి కావు. ముసలామె చూడకుండా పెద్దమ్మ వాటిని మళ్లీ తీసేది.

పలకరింపుకు వచ్చినవాళ్లంటే మాత్రం ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కేది. అరటిపళ్లు, బ్రెడ్డు పొట్లం మంచం మీద పడేసి, పడుకున్న మనిషి మీదుగా కోడలినే అడిగేవారు, తింటుందా, గుర్తుపడుతుందా, ఎన్నాళ్లిలా అని.

"గామె ఈడనే ఉన్నది. చెవులున్నయ్. గామెనే అడుగు."

ఆ మాటకు కొందరు చుట్టాలు అలిగి రాకపోకలు మానేశారు. పోతే పోయిండ్రు, అరటిపళ్లు మన చెట్టుకూ ఉన్నాయి అని తీసిపారేసింది. నేను నర్సునయ్యాక ఏ ముసలివాళ్ల మంచం దగ్గరికి వెళ్లినా ముందు పేరుపెట్టి పలకరించి, తర్వాతే ముట్టుకుంటాను. ఈ అలవాటు నాకు ఆమె పెట్టింది. అందుకు నేను ఆమెకు ఎప్పటికీ రుణపడే ఉంటాను.

అలాంటి మనిషి పోయిన వానాకాలం పెరట్లో పాచి మీద జారి పడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేయించి, ఇంటికి తెచ్చి ముందు గదిలో మంచం వేశారు. దేవుడి పటాలు, టీవీ, వచ్చేపోయేవాళ్లు, అన్నీ ఆ గదిలోనే. బాత్రూం పెరటి చివర, మెట్లు దిగి పోవాలి. అన్న పొద్దున్నే మిల్లుకు, వదిన చేనుకు. కొడుకు ఎత్తుకుపోతానంటే పెద్దమ్మ ఒప్పుకోలేదు. కన్నకొడుకు చేత అలాంటి పని చేయించుకోవడమా అంది. ఇక మిగిలింది వదిన. వదిన చెడ్డది కాదు, నడుం పడిపోయేలా పని చేసుకునే మనిషి. చేనుకు పోతూ పోతూ చెప్పేది, నీళ్లు కొంచెం తక్కువ తాగు అత్తమ్మా, నేనొచ్చేదాకా ఎవరూ ఉండరు అని.

ఇది మా ఒక్క ఇంటి సంగతి అనుకోకండి. మంచం పట్టిన ముసలివాళ్లకు మా వైపు ఎన్నో ఇళ్లలో ఇలాగే నీళ్లు తగ్గిస్తారు. అన్నం పెట్టకపోతే ఊరు ఉమ్మేస్తుంది. నీళ్లు ఇవ్వకపోతే మాత్రం పక్క తడవకుండా బాగా చూసుకుంటున్నారని మెచ్చుకుంటుంది. నాలుక అట్టలా ఎండి, మూత్రం మంటతో, ఎక్కడున్నారో తెలియకుండా మా వార్డుకు వస్తారు వాళ్లు. వెంట వచ్చినవాళ్లు మాత్రం వేళకు అన్నీ పెడుతున్నామనే చెబుతారు.

ఒక సెలవు రోజు నేను వెళ్లేసరికి ఆ రాగి చెంబు కిటికీలో బోర్లించి ఉంది, మంచానికి అందనంత దూరంలో. పెద్దమ్మ చేతి మీద చర్మం పట్టుకుని వదిలితే మడత అలాగే నిలబడిపోయింది. ఏంది పెద్దమ్మా ఇది అన్నాను.

"నీళ్లు తాగితే లేవాలె బిడ్డా. లేస్తే ఒగలు రావాలె. ఎందుకే గదంత."

ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను. వదిన మీద, అన్న మీద, ఎక్కువగా ఆమె మీదే. అత్త కోసం ఊరంతటితో కొట్లాడినదానివి, నీ కోసం ఒక్క చెంబు నీళ్లు అడగలేవా అన్నాను. ఆమె గోడవైపు తల తిప్పుకుంది. అటు తిరిగే, అత్తకు నేనున్న, నేను ఇంట్లనే ఉంటి అంది.

మర్నాడే భద్రాచలం నుంచి కింద గిన్నె ఉండే కుర్చీ ఒకటి ఆటోలో వేయించుకుని తెచ్చాను. మంచం పక్కన పెట్టి, చీర అడ్డం కట్టి, ఎలా దిగాలో, ఎక్కడ పట్టుకోవాలో చూపించాను. పెద్దమ్మ సిగ్గుపడుతూనే కూర్చుంది. ఆ రోజు కరువుతీరా నీళ్లు తాగింది, మధ్యాహ్నానికి ముఖం తేటపడింది.

మళ్లీ వెళ్లేసరికి చీర లేదు, గిన్నె లేదు. దేవుడి పటాలున్న చోట అదేం పాడు పని అని ఎవరో పెద్దమనిషి అన్నాడట. గిన్నె అటకెక్కింది. కుర్చీ మీద తువ్వాలు పరిచారు. మణుగూరు నుంచి పలకరింపుకు వచ్చిన బావ ఒకాయన దాని మీద దర్జాగా కూర్చుని టీ తాగుతున్నాడు. పెద్దమ్మ నన్ను చూసి, ఆయన వైపు కళ్లు తిప్పి, కన్ను గీటింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అంతలో ఆయన టీ గ్లాసు కింద పెట్టి, ఆమె మీదుగా నన్ను అడిగాడు, ముసలామె మనుషుల్ని గుర్తుపడుతోందా అని. ఆమె ఇప్పుడు లేచి కడిగేస్తుందని చూశాను. కళ్లు మూసుకుంది.

తర్వాత మాట తడబడింది. ఎప్పుడో పోయిన అత్తతో మాట్లాడటం మొదలుపెట్టింది. ముసలితనంలో మతి పోయిందన్నారు. కాదు, గాలి సోకిందని ఇంకొందరు తాయెత్తు కట్టారు. నేను పట్టుబట్టి దవాఖానాలో చేర్పిస్తే, అక్కడి డాక్టరు కూడా ఆమె మీదుగా అన్నను చూసి, ఈ వయసులో ఇంతే అన్నాడు. సెలైన్లు ఎక్కాక ఆమె కళ్లు తెరిచి నన్ను చూసి, జడేందే గట్ల ఎలుక తోకలెక్క అయింది, నూనె పెట్టుకోవా అని తిట్టింది. మతి ఎక్కడికీ పోలేదు. ఎండిపోయింది, అంతే. ఆ మాట అన్నకు అక్కడే చెప్పాను. నీళ్లు ఆపొద్దు, కుర్చీకి గిన్నె పెట్టి మళ్లీ చీర అడ్డం కట్టు, పగలు ఎవరో ఒక మనిషిని ఉంచు అన్నాను. అన్నింటికీ తలూపాడు. ఇంటికి తీసుకెళ్లాక మళ్లీ మిల్లు, మళ్లీ చేను. ఫోన్ చేసి అడిగితే, తాగుతుంది, నువ్వు రంది పెట్టుకోకు అనేవాడు.

కబురు విని నేను వెళ్లేసరికి పెద్దమ్మను మంచం మీంచి దించి చాప మీద పడుకోబెట్టారు. అన్న లేచి నా దగ్గరికి వచ్చాడు. పొద్దు పొడిచే వేళ ఊపిరి మారిందట. పెద్దవాళ్లు చెబితే గోదావరి నీళ్లలో తులసాకు వేసి, అందరూ వరుసగా నిలబడి నోట్లో పోశారట. పోయే ప్రాణానికి మా వైపు అది ఆఖరి మర్యాద. చాలామందికి ఆ నీళ్లు దిగవు, పక్కకు కారిపోతాయి. గుటక పడితే పుణ్యం చేసుకున్న మనిషి అంటారు. అందుకే ఏడ్చి ఏడ్చి ఉబ్బిన అన్న ముఖంలో ఎక్కడో ఒక తృప్తి.

"ఒక్క చుక్క బయట పడలే చెల్లే. నేను పోసిన, మీ వదిన పోసింది, వాడకట్టోళ్లంత పోసిండ్రు. పోసినకాడికి తాగింది. చెంచ తీసేస్తుంటే మల్ల నోరు తెరిచింది."

నేను వంగి చూశాను. అప్పటికే గడ్డం కింది నుంచి తల మీదికి తెల్లగుడ్డ బిగించి, ఆ నోరు మూసి కట్టేశారు.