మబ్బుల డ్యూటీ

నాచారంలో ఒక మందుల కంపెనీ సర్వర్ రూమ్‌లో ఇద్దరమే ఉండేవాళ్లం. నేనూ, నాకంటే చాలా పెద్దవాడైన అన్నా. సొంత అన్న కాదు, నాకు పని నేర్పినవాడు. సర్వర్లన్నీ తీసేసి అంతా క్లౌడ్‌లోకి, అంటే ఇంటర్నెట్‌లో ఎక్కడో ఉండే అద్దె మిషన్లలోకి, మారుస్తున్నామని మేనేజర్ చెప్పినప్పుడు అన్న నవ్వాడు.

"ఇన్నొద్దులు మబ్బుల లేసి డ్యూటీకొచ్చినం. ఇగ మబ్బులల్లనే డ్యూటీ అంట, సూడు."

మా వైపు తెల్లవారకముందు చీకటిని కూడా మబ్బు అంటారు. నేనూ నవ్వాను. అప్పుడు మేనేజర్ అసలు సంగతి బయటపెట్టాడు. క్లౌడ్‌కు ఒక్క మనిషి చాలు. ఇద్దరూ నేర్చుకోండి, ఎవరిని ఉంచాలో తర్వాత చూద్దాం అన్నాడు. పొమ్మనలేక పొగ పెట్టడం అంటే విన్నాను గానీ, ఆ పొగ పీల్చడం అదే మొదలు. అన్న బిడ్డ ఇంజినీరింగ్ చదువుతోంది. నా భార్యకు అయిదో నెల. ఉద్యోగం ఇద్దరికీ కావాలి.

ఆదివారాలు ఉప్పల్‌లో క్లౌడ్ కోచింగ్‌కు పోయేవాళ్లం, రింగ్ రోడ్డు దగ్గర చెప్పుల షాపు పైన. స్టేడియంలో మ్యాచ్ ఉంటే బస్సులు కదలవు, మెట్రో దగ్గర నుంచి జనాన్ని తోసుకుంటూ నడవాల్సిందే. క్లాసులో అందరూ నిన్నమొన్న డిగ్రీ అయినవాళ్లు. మొదటి రోజు అన్నను చూసి, సారొచ్చాడనుకొని లేచి నిలబడ్డారు. ఆయన పోయి వెనక బెంచీలో కూర్చోగానే కిసుక్కున నవ్వారు. నాకు ఒళ్లు మండింది. అన్న మాత్రం అద్దాలు తుడుచుకొని పాఠం వినడం మొదలుపెట్టాడు.

"ముట్టుకోరాని మిషన్ ఏంది రా? వేడెక్కితె ఎట్ల తెలుస్తది?" అని దారి పొడుగునా అడిగేవాడు. అడిగి అడిగి అదీ నేర్చుకున్నాడు. కోర్సు చివర పరీక్ష ఇద్దరమూ పాసయ్యాం.

మేనేజర్ నన్ను ఉంచుకున్నాడు. చిన్నవాడు, జీతం తక్కువ, ఇంకేం చూడాలి? ముందు నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ తర్వాతే అన్న పక్కనే ఉన్నాడని గుర్తొచ్చి, మేనేజర్ మీద, కంపెనీ మీద, నా మీద కూడా అసహ్యం పుట్టింది. అన్న నా వీపు తట్టి, "ఫికర్ జెయ్యకు, ఇద్దర్ల ఒకడన్న మిగిలిండు" అన్నాడు. అంతకన్నా తిట్టినా బాగుండేది.

ఆయన ఆఖరి రోజున సర్వర్లను పాత సామాను వాళ్లు ట్రాలీ ఆటోలో వేసుకుపోయారు. అన్న వెళ్లిపోయిన కాసేపటికి మేనేజర్ దగ్గర నుంచి మెసేజ్ వచ్చింది. ఆయన లాగిన్ వెంటనే తీసేయమని. క్లౌడ్ ఇంజినీర్‌గా నాకు అప్పగించిన మొదటి పని అది. స్క్రీన్ మీద అన్న పేరు చూస్తూ కూర్చున్నాను, చెయ్యి రాలేదు. అప్పుడే అన్న ఫోన్ చేశాడు. వెనక నుంచి ఉప్పల్ డిపో బస్సుల హారన్లు.

"నా లాగిన్ తీసినవా?"

"ఇంకా లేదన్నా."

"జల్ది తియ్యి. ఆలిశమైతె నీకు మాటొస్తది. నా ఫోన్ల నేను సూస్త, పోయిందో లేదో."

తీసేశాను. అవతల ఆయన పాస్‌వర్డ్ కొడుతున్న చప్పుడు. ఆగి, మళ్లీ కొట్టాడు.

"రానిస్తలేదు రా," అన్నాడు. "మంచిగ జేసినవ్."