మీసమూ ముక్కుపుడకా

దిష్టి బొమ్మలు గీసే అత్త పోయిందన్న వార్త నాకు మా వీధి వాట్సాప్ గ్రూపులో తెలిసింది. ఎవరో పంపిన గులాబీ పువ్వుకీ, ఎవరిదో ప్లాటు అమ్మకానికీ మధ్య ఉంది ఆ కబురు. ఆమెని ఆడమనిషిగా రాయాలా, మగమనిషిగా రాయాలా అని మా వీధి పెద్దలు దాని కింద అరగంట సేపు వాదించుకున్నారు. ఎలా పోయింది, దగ్గర ఎవరున్నారు అని ఒక్కరూ అడగలేదు. చివరికి ఒక రిటైర్డ్ లెక్చరర్ గారు దణ్ణం పెట్టే చేతుల బొమ్మ పంపి గొడవ తీర్చారు. ఎంతైనా చదువుకున్నవారు.

నేను చదువుకోలేదు. బందరులో రోల్డ్ గోల్డ్ గాజులకి రాళ్లు అతికించే కొట్టు నాది. గాజులు చుట్టడానికి తెచ్చే పాత వారపత్రికలే నా బడి. అవి చినిగిన కాగితాలు కావడంతో సగం కథల్లో చివరికి ఏమైందో నాకు ఇప్పటికీ తెలియదు. సరే, అత్త సంగతి చెబుతాను.

ఆమెది దివిసీమ. నాగాయలంక అవతల ఒక ఊళ్లో కొడుకుగా పుట్టి, పద్దెనిమిదేళ్లప్పుడు చీర కట్టుకుని బందరు బస్సెక్కింది. మా పిల్లలు అత్త అన్నారు, అది విని వీధంతా అత్త అంది. ఆ వరసన నాకు చెల్లెలు. ఆమె నన్ను అన్నయ్యా అనే పిలిచేది. నేను మాత్రం ‘ఇదిగో’ అనేవాణ్ణి. వరస ఒప్పుకుంటే భోజనానికి పిలవాల్సి వస్తుందని మర్యాదస్తుల భయం.

నూనె డబ్బా రేకుని గుండ్రంగా కత్తిరించి, దాని మీద ఎనామిల్ రంగులతో గుడ్లు, కోరలు, మీసాలు వేసేది. కొత్త మేడకీ, మిల్లుకీ, లారీకీ ఆమె బొమ్మ కడితే ఏ కన్నూ సోకదని పేరు. మొవ్వ నుంచీ, గుడివాడ నుంచీ వచ్చి కొనుక్కెళ్లేవాళ్లు. గృహప్రవేశం రోజున బొమ్మకి నిమ్మకాయల దండ వేసి, గీసిన మనిషికి బయట అరుగు మీద ప్లాస్టిక్ గ్లాసులో టీ ఇచ్చేవాళ్లు. గుమ్మానికి కాపలా ఆమెది, గుమ్మం లోపల చోటు మాత్రం లేదు.

“ఇదిగో, ఇన్ని మొహాలు ఎక్కణ్ణించి వస్తాయి నీకు?” అని ఒకసారి అడిగాను.

“నేనేం కల్పించట్లేదన్నయ్యా. నన్ను చూసి ఎవరు ఏ మొహం పెట్టారో అదే గీస్తన్నాను. భయపెట్టే మొహాన్ని గుమ్మానికి కట్టేస్తే కాపలా కుక్క అయిపోద్ది” అంది కుంచె తుడుచుకుంటూ.

ఇక ఆ రోజు నుంచి వీధుల వెంట తల పైకెత్తి నడవడం నాకు వినోదం. కుళాయి దగ్గర ఆమె బిందె తన్నేసిన వీధి కమిటీ మనిషి తన మేడకి తన మొహమే కట్టుకున్నాడు. రోజూ దానికే దణ్ణం పెట్టి బయల్దేరేవాడు.

గుడివాడ దగ్గర చేపల చెరువులున్న ఆసామి ఒకాయన ఉన్నాడు. ఎప్పుడో బస్సులో ఆమె పక్కన కూర్చోవాల్సి వచ్చిందని కండక్టరుని నానా మాటలూ అని ఆమెని దింపించిన పెద్దమనిషి. కొత్త మేడకి బొమ్మ కోసం కారులో వచ్చాడు. ఆమె గుర్తుపట్టింది. ఆయన పట్టలేదు. వారం తర్వాత బొమ్మ చేతిలోకి తీసుకుని మురిసిపోయాడు.

“అబ్బబ్బ, ఏం వికారంగా ఉన్నాడు! ఎవర్ని చూసి గీశావ్?”

“మీ గుడివాడ వైపు ఆయనేనండి.”

“ఎవడో గానీ ఉత్త వెధవలా ఉన్నాడు.”

“ఇట్టే కనిపెట్టేశారండి” అంది అత్త వినయంగా.

కారులో కూర్చున్న ఆయన భార్య పైటచెంగు నోట్లో కుక్కుకుంది.

“దిష్టి బొమ్మకి కావాల్సింది కోపం కాదన్నయ్యా, సిగ్గులేకపోవడం. ఈ ఊళ్లో ఉన్నంతకాలం నాకు పనికి లోటు రాదు” అనేది.

ఆమె అద్దెగది గుమ్మానికి ఉన్న బొమ్మ వేరు. నిండు మీసం, ముక్కుకి ఎర్రరాయి పుడక, నోరంతా నవ్వు. కోరల్లేవు. ఆ రాయి నా కొట్టుదే.

“నవ్వే దిష్టి బొమ్మ ఎక్కడైనా ఉందా?” అన్నాను.

“మీ బొమ్మలు రావద్దంటాయి. ఇది రమ్మంటది.”

వచ్చేవాళ్లు కూడా. గూడూరు నుంచి, అవనిగడ్డ నుంచి. చీర కట్టినందుకు తన్నులు తిన్న కొడుకులు. పెళ్లిచూపుల ముందురోజు చెయ్యీ చెయ్యీ పట్టుకుని పారిపోయి వచ్చిన ఇద్దరమ్మాయిలు. బందరులో మీసమూ ముక్కుపుడకా ఉన్న బొమ్మ ఎక్కడుందో ఆ తలుపు కొట్టు, అన్నం పెడతారు, ఏమీ అడగరు. వాళ్లు ఒకరికొకరు చెప్పుకునే చిరునామా అదే. వెళ్లేటప్పుడు అదే మొహం రూపాయి బిళ్లంత రేకు మీద గీసి చేతిలో పెట్టేది.

“ఇది దెబ్బలు ఆపుతుందా?” అన్నాను వెటకారంగా.

“ఆపదు. దెబ్బ తిన్నాక ఎటు రావాలో గుర్తుచేస్తది.”

నా కొట్టుకీ ఒక బొమ్మ ఇచ్చింది, ముప్పై ఏళ్ల కిందటే. ఊళ్లో బొమ్మలన్నీ ఎదుటివాణ్ణి గుడ్లురిమి చూస్తాయి. నాది పక్కకి చూస్తుంది.

“దిష్టి బొమ్మకి పక్కచూపులేంటి?”

“చూసిందే గీశాను” అంది.

ఆమె బందరు వచ్చిన కొత్తలో నా కొట్టులో రెండు డజన్ల గాజులు కొని, అక్కడే వేసుకుని మెట్లు దిగింది. ఎదురుగా నలుగురు కుర్రాళ్లు పట్టుకుని, నవ్వుతూ, ఒక్కో గాజే లాగి కాలవలో పారేశారు. నా వైపు తిరిగి “అన్నయ్యా!” అంది. మొదటిసారి ఆ పిలుపు అప్పుడే. నేను పట్టకారు పట్టుకుని, రాయి అతికిస్తున్నట్టు, పక్కనున్న జిగురు సీసా వైపు చూస్తూ కూర్చున్నాను. పట్టకారులో రాయి కూడా లేదు.

ఊరందరి మొహాలనీ చూసి నవ్వుకున్న నేను, ముప్పై ఏళ్లూ నా మొహం కిందే కూర్చుని వ్యాపారం చేశాను.

ఆమె పాడె మోసింది చిన్న రేకు బొమ్మలు జేబుల్లో ఉన్నవాళ్లు. వీధి పొడుగునా పెద్దమనుషులు మేడల మీద నిలబడి చూశారు. వాళ్ల కిందే వాళ్ల మొహాలు వేలాడుతున్నాయి. పైవాటికన్నా అవే నయం, వానలో నిలబడ్డాయి. పైవాళ్లు చినుకు పడగానే లోపలికి పోయారు.

మూడోరోజుకల్లా గది యజమాని సున్నం బకెట్టుతో దిగాడు. బొమ్మ అప్పటికే ఊడి నేల మీద ఉంది.

“ఆ దరిద్రం ఉంటే అద్దెకి ఎవరూ రారు బాబాయ్ గారూ. పాత సామాను వాడికి వేసేస్తాను” అన్నాడు.

అది పోతే ఇక దివిసీమ నుంచి బస్సు దిగేవాళ్లు ఏ తలుపు కొట్టాలి? నా కళ్లు అలవాటుగా సున్నం బకెట్టు వైపు వెళ్లాయి. బలవంతాన వెనక్కి తెచ్చుకున్నాను.

“నాకివ్వు.”

“మీ కొట్టుకి ఒకటి ఉందిగా?”

“జత కావాలి.”

“జనం ఏమనుకుంటారండీ?”

“ఏ జనం? మేడలకి వేలాడుతున్నారే, వాళ్లా?”

అతను పైకి చూశాడు. ఏమీ అర్థం కాలేదు. తన మొహం కూడా ఆ వరసలోనే ఉంది మరి.

కొట్టు వెనక సరుకు గది ఖాళీ చేసి మంచం వేయించాను. బొమ్మని నా బొమ్మ పక్కనే, అది చూసే వైపే కట్టాను.

మొన్న మిట్టమధ్యాహ్నం ఒకామె వచ్చింది. భుజాన సంచి, చీర కుచ్చిళ్లు ఇంకా సరిగా అలవాటు కాని నడక, పెదవి మీద ఎండిన రక్తం. గుప్పిట్లో ఎవరో ఇచ్చి పంపిన రేకు బిళ్ల. బొమ్మ వైపు చూసింది, నా వైపు చూసి తడబడింది.

“అత్త... ఇక్కడేనా అండీ?”

పట్టకారు కింద పెట్టాను.

“మా చెల్లెలు పోయిందమ్మా. ఇల్లు ఇదే. లోపలికి రా.”

ఆమె మెట్లెక్కుతుంటే సముద్రం వైపు నుంచి గాలి కొట్టింది. పైన రెండు రేకులూ ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. ముప్పై ఏళ్లుగా పక్కకి చూస్తున్న నా మొహానికి ఎదురుగా మీసమూ ముక్కుపుడకా నవ్వుతున్నాయి.