గుడ్డ కంటే మెత్తని దారం

బొంతలమ్మ ఇల్లెక్కడంటే ఆ వీధిలో ఎవరైనా చూపిస్తారు. మెట్ల కింద గది, కిటికీ ముందు బల్లంత వెడల్పున్న కుట్టుమిషను, దాని ముందు ఇరవై రెండేళ్ళుగా ఆవిడ. పాత గుడ్డల్ని ముక్కలు కోసి, అతికి, మధ్యలో దూది పరిచి, మూడు పొరలూ కలిపి కుడితే బొంత. వినడానికి ఇంతే. కుట్టి చూడండి, నడుము చెబుతుంది!

నోరు కాస్త దురుసు గానీ పనికి వంక పెట్టలేం. గీత గీసినట్టుంటాయి కుట్లు. ఇక దారం విషయంలో ఆవిడ తర్వాతే ఎవరైనా. రీలు కొస లాగి, వెలుతురుకి పట్టి, నూగు ఎంతుందో చూసి, పుటుక్కున తెంపేది. అనుమానమొస్తే అగ్గిపుల్ల గీసేది. కాలి బూడిదైతే నూలు, కరిగి ముద్దకడితే కాదు. "బొంతకి దారం గుడ్డ కంటే ఓ పాలు మెత్తగా ఉండాలి. లాగితే దారం తెగాలి. తెగిన దారం మళ్ళీ కుట్టుకుంటాం. గుడ్డే కోసుకుపోతే దేన్ని కుడతావు?" అని వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ పాఠం చెప్పేది.

పక్కనే ఓ స్టూలు మీద మామగారు కూర్చునేవారు. ఉద్యోగం మానేశాక ఆయనకి తోచక, కోడలికి మిషను బాబిన్లకి దారం చుట్టి పెట్టేవారు. తొమ్మిదేళ్ళు చుట్టారు. నిరుడు పోయారు.

ఆయన ఉండగానే మరిదికి పెళ్ళయింది. తోడికోడలు వచ్చిన నెలకే "అక్కా, నాకూ నేర్పవా?" అని కూర్చుంది. సరేనని నేర్పింది. పొద్దున తను, మధ్యాహ్నం అది, ఒకటే మిషను. మొదట్లో ముచ్చటగానే ఉండేది. కానీ ఆ చిన్నది తిన్నగా కుట్టదే! గుడ్డని సూది కింద అటూ ఇటూ తిప్పుతూ ఆకులంటుంది, తీగలంటుంది, నీటి సుడులంటుంది. "పిచ్చిగీతలు," అని మూతి తిప్పింది బొంతలమ్మ. జనం మాత్రం ఎగబడ్డారు.

ఒకరోజు ఎవరో ఒకావిడ గుమ్మంలోకొచ్చి "బొంతలమ్మ ఉందాండీ?" అంది.

"నేనే, చెప్పండి."

"మీరు కాదండీ, ఇంకొకావిడ... సన్నగా ఉంటుందే, ఆవిడ."

చూశారా చోద్యం! ఆ పూట ఆమెకి ముద్ద దిగలేదు. మొగుడు "ఏమైందే?" అంటే "కూరలో ఉప్పెక్కువైంది," అంది. కూర చేసింది తనే.

అది కూడా మింగేది, అత్తగారు ఆ పని చేయకపోతే. మామగారి చొక్కాలు ఏడు, ఆవిడ పెట్టెలో దాచుకుంది. ఉతికి ఉతికి ఉల్లిపొరల్లా అయిన చొక్కాలు. ఒక సాయంత్రం వాటిని ఒళ్ళో పెట్టుకుని వచ్చి, చిన్నకోడలి చేతిలో పెట్టింది. "వీటితో నాకో బొంత కుట్టవే. ఆ ఆకులూ తీగలూ వేసి కుట్టు. చలికి కప్పుకుంటాను."

పెద్దకోడలు అక్కడే ఉంది. రెండు అడుగుల దూరంలో! తొమ్మిదేళ్ళు ఆయన ఎవరి పక్కన కూర్చున్నారు? ఆ చొక్కాల మోచేతులకి మాసికలు వేసిందెవరు? అయినా పైకి నవ్వుతూ "మంచిదేగా," అని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే చిన్నది వచ్చి, "అక్కా, వీటికి ఏ దారం వేయమంటావు?" అని అడిగింది.

నూలుదారం. సన్నది. నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. నాలిక కొసదాకా వచ్చింది కూడా. అయినా మాట తిప్పి, "ఆ మెరిసే గట్టిదారం తెచ్చుకో. సంచులకి వాడతారే, అది. నీ ఆకులు తళతళమంటాయి," అనేసింది. నాలుగు ఉతుకులయ్యేసరికి ఆ దారం పాత గుడ్డని కోసి పారేస్తుంది. అప్పుడు అత్తగారు ఏ కోడలి దగ్గరికి వస్తుందో చూద్దాం, అనుకుంది. ఛీ, బుద్ధి! అని మనమనొచ్చు. ఆ నిమిషాన ఆమెకి హాయిగానే ఉంది.

రెండు రోజుల తర్వాత సూదుల కోసం వెళితే దారాల కొట్టాయన పట్టుకున్నాడు. "ఏమ్మా, మీ చెల్లెలికి కాస్త చెప్పండి. పాత చొక్కాలకి ఆ గట్టిది వద్దు, నూలుది పట్టుకెళ్ళమ్మా అన్నాను. 'మా అక్క చెప్పింది. మా అక్క కంటే మీకెక్కువ తెలుసా?' అని నామీద లేచింది!"

ఈ మాట ఇంకెప్పుడైనా వినుంటే వీధంతా చెప్పుకుని తిరిగేది. ఇప్పుడు మొహాన కొట్టినట్టయింది. సూదులు అక్కడే వదిలేసి, చెప్పులు టపటపలాడించుకుంటూ ఇంటికి పరిగెత్తింది.

మిషను ఆడుతూనే ఉంది. నాలుగు చొక్కాల మేర కుట్టేసింది చిన్నది. ఎంత బాగా వచ్చాయో ఆ ఆకులు! చూడగానే మళ్ళీ కుళ్ళు. ఆ కుళ్ళుతోనే చేయి చాపి బొంత లాక్కుంది. ఒక ఆకు పక్కన చొక్కా గుడ్డ అప్పుడే గోరంత చీలి ఉంది.

"ఆపు. ఈ దారం పనికిరాదు."

"అయ్యో, నువ్వే కదక్కా చెప్పావు! పనిలో పడి పొరపాటున అన్నావేమో. పర్లేదులే."

అక్కడితో ఊరుకోవచ్చు. పొరపాటే అనేస్తే సరిపోయేది. కానీ ఆ "పర్లేదులే" ఆమెని నిలవనివ్వలేదు.

"పొరపాటు కాదే. తెలిసే చెప్పాను. చొక్కాలు నీకిచ్చిందని కుళ్ళుకుని చచ్చాను. చిరిగిపోవాలనే చెప్పాను."

చిన్నది పెడలు మీంచి కాలు తీసింది. చీలిన చోట గుడ్డని వేళ్ళతో దగ్గరికి లాగింది.

"మామగారి చొక్కాలక్కా," అంది చివరికి. అంతే.

ఇద్దరూ చెరో కత్తెరా తీసుకుని విప్పారు. నాలుగు రోజులు పట్టింది. సూది బెజ్జాలు మాత్రం ఎక్కడివక్కడ ఉండిపోయాయి. అత్తగారు "ఏమే, మళ్ళీ విప్పుతున్నారేం?" అని అడిగితే, "దారం మంచిది కాదత్తయ్యా, నేనే చూసుకోలేదు," అంది చిన్నది. మంచితనంలో కూడా ఇదే ముందా అని పెద్దామెకి ఒళ్ళు మండింది. తలెత్తి చూసే మొహం మాత్రం లేదు.

నూలుదారంతో బొంత పూర్తయింది. అత్తగారు కప్పుకుంది, మురిసిపోయింది. ఆ తర్వాత వారం చిన్నదానికి కొత్త బొంత పని వచ్చింది. పొద్దున్నే వెళ్ళి ఏదో రీలు తెచ్చుకుని, మిషనుకి ఎక్కిస్తోంది. పెద్దామె గుమ్మంలోంచే చూసింది. సరైన దారమే.

"నన్నడక్కపోయావా?" అంది, నవ్వు తెచ్చుకుని.

"ఎందుకక్కా, నేనే చూసుకుంటాలే," అంది చిన్నది, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

కోపంగా అనుంటే ఎంత బాగుండేది! తనూ నాలుగు అని, ఇద్దరూ పోట్లాడుకుని, ఏడ్చి కలిసిపోయేవాళ్ళు. మామూలుగా అంది. చాలా మామూలుగా అంది.