ఖఫ్జీలో వేడినీళ్ల డ్రమ్ము

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన తర్వాతి వేసవిలో నన్ను సౌదీలోని ఖఫ్జీకి సేఫ్టీ ఆఫీసరుగా వేశారు. చమురు క్షేత్రం పక్కన ఒక చైనా కంపెనీ పైపులైను పని చేస్తోంది. రోజూ పొద్దున్నే పని పర్మిట్ల మీద సంతకాలు పెట్టడం, చెక్‌లిస్టు నింపడం నా ఉద్యోగం. పరంజా కట్టే పన్నెండు మందీ కెన్యావాళ్లు, వాళ్ల పెద్ద ఒటియెనో. వాళ్లందరి మీద ఫోర్‌మన్ లియు, చైనా మనిషి, ఇంచుమించు నా ఈడువాడే.

జూన్‌లో ఒక ఉదయం పది గంటలకు ఆ పన్నెండు మందీ పరంజా దిగి నేల మీద కూర్చున్నారు. తాగునీళ్ల డ్రమ్ములోంచి ఆవిరి వస్తోంది. ఇంత ఎండలో ఇలాంటి నీళ్లు పోస్తున్నారంటే మమ్మల్ని మనుషుల్లో లెక్కగట్టడం లేదని ఒటియెనో అన్నాడు. మూడు రోజులుగా చెబుతుంటే లియు నవ్వి ఊరుకుంటున్నాడట. లియు మాత్రం ఆ రోజు నవ్వలేదు. పని చేయబోమని మొరాయించారని రిపోర్టు రాయమంటూ నా మీదికి వచ్చాడు. ఆ మాట కాగితం మీద పడితే సమ్మె కింద జమ. పన్నెండు మందికీ ఫైనల్ ఎగ్జిట్ కొట్టి, వీసా రద్దు చేసి ఇంటికి పంపేస్తారు. ఒటియెనో వచ్చి నాలుగు నెలలే అయింది.

నీళ్ల ట్యాంకరు డ్రైవరు మస్తాన్‌ది రాయచోటి. నన్ను పక్కకు పిలిచి లియు వైపు చూపించాడు.

"ఆయప్ప తాగేదీ ఆ నీళ్లే సార్. సల్లనీళ్లు తెస్తే కడుపు సెడ్తాదని నన్నే తిట్నాడు. మీరెప్పుడన్నా ఆ డ్రమ్ము ముట్టుకోని సూసినారా?"

చూడలేదు. డ్రమ్ము కనిపిస్తే చాలు, 'తాగునీరు ఉంది' అన్న గడిలో టిక్కు పెట్టి, ఏసీ గదిలోకి పోయి కూలర్ నీళ్లు తాగేవాణ్ణి. తల కొట్టేసినట్టయింది.

లియుని అడిగితే తన ఫ్లాస్కు మూత తీసి చూపించాడు. అందులోనూ మరుగుతున్న నీళ్లే. వాళ్ల ఇళ్లలో గౌరవం ఉన్నవాళ్లకు కాచిన నీళ్లే ఇస్తారట. వీళ్లకోసం ఆఫీసుతో పోట్లాడి బాయిలరు తెప్పించాడట. నీళ్లు వేడిగా ఉన్నాయని వాళ్లు చెబుతుంటే వేళాకోళమనుకుని నవ్వాడట. ఇదంతా నేను చెబితే ఒటియెనో ఒక గుక్క తాగి, మొహం చిట్లించి, ఇందులో టీపొడీ పాలూ పోసుంటే గొడవే ఉండేది కాదు అన్నాడు. లియు ఈసారి వాళ్లతో కలిసి నవ్వాడు. మధ్యాహ్నానికల్లా చల్లనీళ్లకు ఇంకో డ్రమ్ము వచ్చింది.

రిపోర్టు మాత్రం రాయక తప్పదు. పని రెండు గంటలు ఆగింది. ఫారంలో రెండే గడులు: పని నిరాకరణ, భద్రత కోసం నిలిపివేత. ప్రమాదం ఉందనుకుంటే ఏ కార్మికుడైనా పని ఆపొచ్చు, దానికి శిక్ష లేదు. కానీ ఆ రెండో గడి నింపితే తప్పు ఎవరిదో పేరు రాయాలి. లియు పేరు రాయబుద్ధి కాలేదు. రెండో గడిలోనే టిక్కు పెట్టి, 'తాగునీటిని పరీక్షించకుండానే ధ్రువీకరించారు' అని రాసి, కింద నా పేరు రాశాను. వారంలో నా ఫైలులోకి వార్నింగ్ లెటరు చేరింది. ఆ పన్నెండు మందిలో ఒక్కరు కూడా ఇంటికి పోలేదు.

నీళ్లు ఉన్నాయా లేవా అని మాత్రమే చెక్‌లిస్టు అడుగుతుంది. ఆ తర్వాత పనిచేసిన ప్రతి సైటులోనూ నేను ముందు ఆ డ్రమ్ములోంచి ఒక గ్లాసు ముంచుకుని తాగి, ఆ తర్వాతే టిక్కు పెట్టాను.